ఉమ్మడి నిధి ఎవరిది? బ్రిటన్ బిల్డింగ్ సొసైటీల చరిత్ర



1990ల మధ్యకాలంలో బ్రిటన్‌లో ఒక వింత అలవాటు వ్యాపించింది. ఉద్యోగులు, పెన్షనర్లు, గృహిణులు ఊరూరా ఉన్న 'బిల్డింగ్ సొసైటీ' అనే పొదుపు సంస్థలకు వెళ్ళి చిన్నచిన్న ఖాతాలు తెరవసాగారు. ఒక్కొక్క ఖాతాలో వంద పౌండ్లు వేసి, పాస్‌బుక్కును బీరువాలో దాచి ఊరుకునేవారు. వారికి కావలసింది వడ్డీ కాదు. ఆ సొసైటీ ఏదో ఒకనాడు బ్యాంకు కంపెనీగా మారుతుందని, అప్పుడు సభ్యులందరికీ ఉచితంగా వాటాలో నగదో పంచిపెడుతుందని వారి ఆశ. ఇలా వచ్చే సొమ్మును ఇంగ్లీషువారు 'విండ్‌ఫాల్' అన్నారు. గాలికి రాలిన పండు అని ఆ మాటకు అర్థం. చెట్టెక్కనక్కరలేదు, రాయి విసరనక్కరలేదు. చెట్టు కింద నిలబడి ఉంటే చాలు.

ఆ చెట్టును నాటిందెవరు? దానికి నీళ్ళు పోసిందెవరు? పండు రాలే రోజున కింద నిలబడినవారికే అది చెందాలా? ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది ఈ ప్రశ్నలనే. విజ్ఞానశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఆర్థిక చరిత్రలోకి ఎందుకు దిగాడని మీకు అనిపించవచ్చు. చరిత్రలో మనకు ప్రయోగశాల దొరకదు. కానీ అరుదుగా చరిత్రే ఒక ప్రయోగం చేసి పెడుతుంది. ఒకే రకమైన సంస్థలు కొన్ని ఒక దారిన, కొన్ని మరొక దారిన వెళతాయి. తర్వాత వాటి గతి ఏమైందో మనం పోల్చి చూడవచ్చు. బిల్డింగ్ సొసైటీల కథ అటువంటిది.

సత్రంలో పుట్టిన సంఘం

18వ శతాబ్దపు చివరి పాదంలో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరం పనివారితో, చేతివృత్తులవారితో కిటకిటలాడుతూ ఉండేది. చేతిలో పని ఉంది, వారం వారం కూలి వస్తోంది, కానీ ఇల్లు కట్టుకునేంత సొమ్ము ఒక్కసారిగా ఎవరి దగ్గరా లేదు. బ్యాంకులు ఇటువంటివారికి అప్పు ఇచ్చేవి కావు. ఆ నగరంలోని గోల్డెన్ క్రాస్ అనే సత్రాన్ని నడిపే రిచర్డ్ కెట్లీ 1775లో ఒక సంఘాన్ని ప్రారంభించాడు. మనకు తెలిసినంతలో మొట్టమొదటి బిల్డింగ్ సొసైటీ ఇదే.

దాని పద్ధతి తెలుగువారికి చెప్పడం సులభం, ఎందుకంటే మనకు చీటీలు తెలుసు. సభ్యులు నెలనెలా తలా కొంత చందా వేస్తారు. ఒక ఇంటికి సరిపడా సొమ్ము పోగవగానే చీట్లు తీసో, పాట పెట్టో ఒకరికి ఇస్తారు. అతడు ఇల్లు కట్టుకున్నా చందా చెల్లించడం మానడు. చివరి సభ్యుడికీ ఇల్లు వచ్చేదాకా అందరూ చెల్లిస్తారు. ఆ తర్వాత సంఘం పని ముగుస్తుంది, లెక్కలు తేల్చుకుని విడిపోతారు. అందుకే వీటిని 'ముగిసే సంఘాలు' అన్నారు. లాంకషైర్‌లోని లాంగ్‌రిడ్జ్ అనే ఊళ్ళో 1793లో ఏర్పడిన ఇటువంటి సంఘం కట్టించిన రాతి ఇళ్ళ వరుస నేటికీ నిలిచి ఉంది.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. ముగిసే సంఘంలో మిగులు నిధి ఎవరిదన్న ప్రశ్న పుట్టదు. చందా వేసినవారూ ఇల్లు కట్టుకున్నవారూ ఒక్కరే. సంఘం ముగిసేసరికి పెట్టె ఖాళీ అవుతుంది. పంచుకోవలసినదేమైనా మిగిలితే దాన్ని కూడబెట్టినవారే ఎదురుగా ఉంటారు.

స్థిర సంఘాలు, పేరుకున్న మిగులు

ముగిసే సంఘానికి ఒక ఇబ్బంది ఉంది. మధ్యలో చేరాలనుకున్నవాడు పాత చందాలన్నీ ఒకేసారి కట్టాలి. ఇల్లు అక్కరలేకుండా కేవలం పొదుపు చేసుకోవాలనుకునేవారికి అందులో చోటు లేదు. ఈ ఇబ్బందిని తీర్చడానికి 1840ల నుండి 'పర్మనెంట్' సొసైటీలు, అంటే స్థిర సంఘాలు పుట్టాయి. వీటిలో పొదుపు చేసేవారు వేరు, అప్పు తీసుకునేవారు వేరు. ఎవరైనా ఎప్పుడైనా చేరవచ్చు, ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు. సభ్యులు మారుతూ ఉంటారు, సంఘం మాత్రం కొనసాగుతుంది. నదిలో నీరు మారుతున్నా నది అలాగే ఉన్నట్టు.

1836లో, తర్వాత 1874లో వచ్చిన చట్టాలు ఈ సంఘాలకు గుర్తింపును, క్రమాన్ని ఇచ్చాయి. 1853లో హాలిఫాక్స్ పట్టణంలో పుట్టిన సంఘం కాలక్రమంలో దేశంలోనే అతి పెద్దదైంది. 1884లో సహకారోద్యమం నుండి పుట్టిన మరొక సంఘం 1970లో నేషన్‌వైడ్ అని పేరు మార్చుకుంది. 1900 నాటికి బ్రిటన్‌లో ఇటువంటివి రెండు వేలకు పైగా ఉండేవి. పాత పద్ధతిలోని ముగిసే సంఘాల్లో చిట్టచివరిది 1980లో మూతపడింది. అప్పటికి స్థిర సంఘాలు కూడా ఒకదానిలో ఒకటి కలిసిపోయి మూడు వందల లోపుకు వచ్చాయి.

స్థిర సంఘాన్ని 'పరస్పర సంస్థ' అంటారు. దానికి బయటి యజమానులు ఉండరు. పొదుపు ఖాతా ఉన్నవాడూ, ఇంటి అప్పు తీసుకున్నవాడూ సభ్యులే, వారే యజమానులు. పదివేల పౌండ్లు దాచినా, వంద పౌండ్లు దాచినా ఒక మనిషికి ఒక ఓటే. అప్పుల మీద వచ్చే వడ్డీకి, పొదుపు మీద ఇచ్చే వడ్డీకి మధ్య ఉండే తేడాలో ఖర్చులు పోగా మిగిలినది సంఘపు నిధిలోకి వెళుతుంది. కొందరు అప్పు తీర్చలేకపోయినప్పుడు ఆ నష్టాన్ని ఈ నిధి భరిస్తుంది.

ఇప్పుడు మన ప్రశ్న మొదలవుతుంది. సభ్యుడు సంఘాన్ని విడిచి వెళ్ళేటప్పుడు తన పొదుపును, దాని మీద వడ్డీని మాత్రమే తీసుకువెళతాడు. నిధిలో తన వంతు అడగడు. అతడి తాత కూడా అడగలేదు. ఇలా నూరేళ్ళు, నూటయాభై ఏళ్ళు పేరుకున్న నిధి ఒకటి ప్రతి సంఘంలోనూ ఉంది. దాన్ని కూడబెట్టినవారిలో చాలామంది ఈ లోకంలో లేరు.

1986 నాటి చట్టం తెరిచిన తలుపు

1980 వరకు బ్రిటన్‌లో ఇంటి అప్పులంటే ప్రధానంగా బిల్డింగ్ సొసైటీలవే. ఆ సంవత్సరం బ్యాంకుల మీద ఉన్న కొన్ని ఆంక్షలు తొలగడంతో అవి కూడా ఇంటి అప్పుల రంగంలోకి దిగాయి. సొసైటీలు కలిసికట్టుగా వడ్డీ రేట్లు నిర్ణయించుకునే పాత ఏర్పాటు 1983, 1984 ప్రాంతంలో సడలిపోయింది. పోటీ పెరిగింది. బ్యాంకులు చేసే పనులన్నీ మేమూ చేయాలి, కొత్త పెట్టుబడి తెచ్చుకోవాలి అని పెద్ద సొసైటీల నిర్వాహకులు కోరసాగారు.

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1986లో కొత్త బిల్డింగ్ సొసైటీల చట్టం తెచ్చింది. అది సొసైటీలకు కొన్ని కొత్త అధికారాలను ఇచ్చింది. దానితోపాటు సభ్యులు ఓటేసి ఒప్పుకుంటే సొసైటీ వాటాల కంపెనీగా మారవచ్చునని కూడా చెప్పింది. పొదుపు సభ్యుల తీర్మానం నెగ్గాలంటే ఓటేసినవారిలో 75 శాతం అనుకూలంగా ఉండాలి. పరస్పర సంస్థ ఇలా కంపెనీగా మారడాన్ని డీమ్యూచువలైజేషన్ అంటారు. పలకడానికి కష్టమైన ఈ మాట పదేళ్ళలో బ్రిటన్‌లో ఇంటింటా వినిపించింది.

మొదట ఆ తలుపు దాటినది అబే నేషనల్. 1989 జూలైలో అది స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. అర్హత ఉన్న ప్రతి సభ్యుడికీ 100 వాటాలు ఉచితంగా ఇచ్చింది. అప్పటి ధర వాటాకు 130 పెన్నీలు. అంటే ఒక్కొక్కరికి 130 పౌండ్ల బహుమతి. మార్పును వ్యతిరేకించిన సభ్యులు కొందరు పోరాడినా ఓటింగులో అత్యధికులు సరే అన్నారు. ఉచితంగా వచ్చే వాటాను వద్దనేవారు ఎందరుంటారు?

తర్వాత కొన్నేళ్ళు స్తబ్దత. 1995లో చెల్టెన్‌హామ్ అండ్ గ్లోస్టర్ సొసైటీని లాయిడ్స్ బ్యాంకు కొన్నప్పుడు సభ్యులకు నగదు ముట్టింది. అంతకుముందు సంవత్సరం ఆ వ్యవహారం కోర్టుకు వెళ్ళగా, రెండేళ్ళు పూర్తికాని సభ్యులకు ఇటువంటి నగదు పంచరాదని తీర్పు వచ్చింది. ఈ తీర్పు నుండి చాలామంది ఒక పాఠం నేర్చుకున్నారు. ఆశ ఉంటే ముందే ఖాతా తెరిచి ఉంచుకోవాలి, మధ్యలో మూయకూడదు.

1997: పండ్లు రాలిన సంవత్సరం

1997 ఏప్రిల్‌లో అలయన్స్ అండ్ లెస్టర్, జూన్ 2న హాలిఫాక్స్, జూలైలో ఊలిచ్, అక్టోబరులో నార్తర్న్ రాక్ వరుసగా కంపెనీలుగా మారాయి. బ్రిస్టల్ అండ్ వెస్ట్ సొసైటీని అదే సంవత్సరం బ్యాంక్ ఆఫ్ ఐర్లండ్ కొన్నది. హాలిఫాక్స్ ఒక్కదానిలోనే 70 లక్షలకు పైగా సభ్యులు వాటాలు పొందారు. సగటున ఒక్కొక్కరికి వచ్చిన వాటాల విలువ రెండు వేల పౌండ్లు దాటింది. అలయన్స్ అండ్ లెస్టర్ తలా 250 వాటాలు, నార్తర్న్ రాక్ తలా 500 వాటాలు ఇచ్చాయి. నార్తర్న్ రాక్ వాటా ప్రారంభ ధర 452 పెన్నీలు కనుక, వంద పౌండ్లు దాచుకున్నవాడికి కూడా రెండు వేల పౌండ్లకు పైగా ఒడిలో పడ్డాయి. ఒక బీమా సంస్థ మార్పుతో కలిపి ఆ ఒక్క సంవత్సరం పంచిన మొత్తం 3,000 కోట్ల పౌండ్లకు మించింది.

ఈ సొమ్ముతో కొందరు అప్పులు తీర్చుకున్నారు, కొందరు కారు కొన్నారు, సెలవులకు వెళ్ళారు. జీవితంలో ఎప్పుడూ వాటా పత్రం చూడని లక్షలాది సామాన్యులకు అది నిజంగా పండుగే. ఈ సంతోషాన్ని మనం తక్కువ చేయకూడదు.

కానీ పంపకంలో చేదు కూడా ఉంది. ఉమ్మడి ఖాతాలో మొదటి పేరు ఎవరిదో వారే సభ్యులని చట్టం లెక్క. చాలా ఇళ్ళలో భర్త పేరు మొదట, భార్య పేరు తర్వాత ఉండేది. ఇద్దరూ కలిసి దాచిన సొమ్మే అయినా లెక్కలో ఒక్కరే సభ్యులు. నలభై ఏళ్ళు పొదుపు చేసి, అత్యవసరం వచ్చి గడువు తేదీకి ముందే ఖాతా మూసినవారికి ఏమీ రాలేదు. గడువుకు కొద్దికాలం ముందు చేరినవారికి మాత్రం వచ్చింది.

ఆశకు ఒక లెక్క

ఈ ఆశతో ఖాతాలు తెరిచేవారికి 'కార్పెట్‌బ్యాగర్లు' అని పేరు పడింది. అమెరికాలో 1865లో అంతర్యుద్ధం ముగిశాక, ఉత్తరాది నుండి దక్షిణాదికి లాభాలు వెతుక్కుంటూ వెళ్ళినవారిని అక్కడివారు ఎద్దేవా చేస్తూ పెట్టిన పేరిది. తివాచీ గుడ్డతో కుట్టిన సంచులు పట్టుకుని వచ్చేవారని ఆ పేరు. ఊరితో సంబంధం లేకుండా, లాభం కోసమే వచ్చినవాడని అర్థం.

వారు మూర్ఖులా, తెలివైనవారా? ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక వ్యక్తి పది సొసైటీలలో తలా 100 పౌండ్ల చొప్పున 1,000 పౌండ్లు వేశాడనుకోండి. ఈ చిన్న ఖాతాల మీద 2 శాతం వడ్డీ వస్తుంది. ఇదే సొమ్ము మరొకచోట వేస్తే 5 శాతం వచ్చేది. అంటే ఏడాదికి 30 పౌండ్లు, అయిదేళ్ళకు బారువడ్డీ ప్రకారం 150 పౌండ్లు అతడు వదులుకుంటున్నాడు. పదింటిలో ఏదో ఒకటి మారి 1,000 పౌండ్లు ఇచ్చే అవకాశం వందకు 15 పాళ్ళు దాటితే చాలు, సంభావ్యత లెక్కలో అతడికి నష్టం లేదు. 1997 నాటి వాతావరణంలో ఆ అవకాశం అంతకంటే చాలా ఎక్కువగా కనిపించింది. కాబట్టి ఒక వ్యక్తిగా అతడు తెలివిగానే ప్రవర్తించాడు.

ఇప్పుడు లెక్కను సంఘం వైపు నుండి చూద్దాం. ఒక సొసైటీ నిధి 100 కోట్ల పౌండ్లు, సభ్యులు 20 లక్షల మంది అనుకోండి. సమానంగా పంచితే తలా 500 పౌండ్లు. అదే సొసైటీని స్టాక్ మార్కెట్ 150 కోట్లకు విలువ కడితే తలా 750 పౌండ్లు. మొదటి 500 పౌండ్లు ఎక్కడివో మనకు తెలుసు. అవి గతించినవారు వదిలి వెళ్ళినవి. మిగిలిన 250 పౌండ్లు ఎక్కడివి? రాబోయే సంవత్సరాల్లో ఆ సంస్థ సంపాదించబోయే లాభానికి మార్కెట్ ఈనాడే కట్టిన ధర అది. ఆ లాభం వచ్చేది రేపటి ఖాతాదారుల నుండి. పరస్పర సంస్థగా ఉంటే ఆ సొమ్ములో కొంత వారికే మెరుగైన వడ్డీ రూపంలో చేరేది. కంపెనీ అయ్యాక వాటాదారులకు డివిడెండు ఇవ్వాలి.

కనుక గాలికి రాలిన పండు ఆకాశం నుండి పడలేదు. దానిలో ఒక భాగం నిన్నటివారిది, ఒక భాగం రేపటివారిది. ఓటు మాత్రం ఈనాటివారిది. ఈ చరిత్రలో గ్రహించవలసిన ముఖ్య విషయం ఇదే.

తలుపులు బిగించిన సొసైటీలు

మారకుండా ఉండదలచిన సొసైటీలు తమను కాపాడుకోవడానికి రకరకాల ఉపాయాలు పన్నాయి. కొన్ని కొత్త ఖాతాకు కనీస మొత్తాన్ని వంద పౌండ్ల నుండి వేలకు పెంచాయి. కొన్ని తమ ప్రాంతంలో నివసించేవారికే ఖాతా ఇస్తామన్నాయి. కొన్ని కొంతకాలం కొత్త ఖాతాలు తెరవడమే మానుకున్నాయి. దూరపు ఊళ్ళ నుండి వంద పౌండ్ల చెక్కులు కట్టలుకట్టలుగా వచ్చిపడుతుంటే చిన్న సొసైటీల సిబ్బంది దైనందిన పని కూడా చేసుకోలేకపోయారు.

అసలైన పోరు నేషన్‌వైడ్ సొసైటీలో జరిగింది. 1997లో బట్లర్ వృత్తిలో ఉన్న మైకేల్ హార్డర్న్, ఆయన మిత్రులు సొసైటీని బ్యాంకుగా మార్చాలన్న లక్ష్యంతో డైరెక్టర్ల పదవులకు పోటీ చేసి ఓడిపోయారు. మరుసటి సంవత్సరం కంపెనీగా మారాలన్న తీర్మానమే ఓటుకు వచ్చింది. అది కూడా ఓడింది, కానీ ఈసారి తేడా చాలా స్వల్పం. ఓటేసినవారిలో దాదాపు సగం మంది మార్పు కావాలన్నారు.

ఈలోగా, 1997 నవంబరు నుండి నేషన్‌వైడ్ ఒక కొత్త నిబంధన పెట్టింది. కొత్తగా చేరే సభ్యుడు ఒక పత్రం మీద సంతకం చేయాలి. చేరిన కొన్నేళ్ళలో సొసైటీ కంపెనీగా మారితే తనకు వచ్చే ప్రయోజనాన్ని ధర్మకార్యాలకు ఇచ్చేస్తానని ఒప్పుకోవాలి. ఈ నిబంధన చాలా సొసైటీలకు వ్యాపించింది. దీని తర్కం గమనించండి. ఎవరినీ చేరవద్దనలేదు, ఎవరి ఓటూ తీసేయలేదు. పండు మీద ఆశను మాత్రం తీసేశారు. ఆశ లేనప్పుడు మనిషి సంఘం మంచిచెడ్డలను చూసి ఓటేస్తాడని వారి నమ్మకం.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. 1999లో బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీ సొసైటీలో ఉత్తర ఐర్లండ్‌కు చెందిన ఒక ప్లంబర్ కంపెనీగా మారాలన్న తీర్మానం పెట్టాడు. డైరెక్టర్లు వద్దన్నా ఓటేసినవారిలో ఎక్కువమంది దాన్ని బలపరిచారు. డైరెక్టర్లు దిగివచ్చారు. 2000 డిసెంబరులో ఆ సొసైటీ స్టాక్ మార్కెట్‌కు వెళ్ళింది. తర్వాత మరే పెద్ద సొసైటీ ఆ దారిన స్టాక్ మార్కెట్ చేరలేదు.

ప్రయోగ ఫలితం

ఇప్పుడు పోలిక చూద్దాం. కంపెనీలుగా మారినవాటి గతి ఏమైంది? ఊలిచ్‌ను 2000లో బార్క్లేస్ కొన్నది. అబే నేషనల్‌ను 2004లో స్పెయిన్‌కు చెందిన శాంటాండర్ కొన్నది. హాలిఫాక్స్ 2001లో బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌తో కలిసింది. ఆ ఉమ్మడి బ్యాంకు 2008 సంక్షోభంలో కుప్పకూలబోగా 2009 జనవరిలో లాయిడ్స్ చేతికి వెళ్ళింది. అలయన్స్ అండ్ లెస్టర్ 2008లో శాంటాండర్ పరమైంది. బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీని అదే సంవత్సరం సెప్టెంబరులో ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, దాని శాఖలను, డిపాజిట్లను శాంటాండర్‌కు అప్పగించింది.

నార్తర్న్ రాక్ కథ అన్నిటికంటే బాగా తెలిసినది. బిల్డింగ్ సొసైటీ తన నిధుల్లో కనీసం సగం సభ్యుల పొదుపు నుండే సమకూర్చుకోవాలని 1997 నాటి చట్టం చెబుతుంది. కంపెనీగా మారిన నార్తర్న్ రాక్‌కు ఆ కట్టడి లేదు. అది ద్రవ్య మార్కెట్లలో అప్పు తెచ్చి ఇంటి అప్పులు ఇస్తూ వేగంగా పెరిగింది. సంక్షోభం నాటికి దాని నిధుల్లో సామాన్యుల పొదుపు నాలుగో వంతు కంటే తక్కువ. 2007 మొదట్లో దాని వాటా ధర 12 పౌండ్లు దాటింది. ఆ వేసవిలో మార్కెట్లలో అప్పు పుట్టడం ఆగిపోయింది. 2007 సెప్టెంబరు 14న దాని శాఖల ముందు డిపాజిటర్లు బారులు తీరారు. బ్రిటన్‌లో సుమారు 140 ఏళ్ళలో బ్యాంకు మీద ఇటువంటి తాకిడి అదే మొదటిది. 2008 ఫిబ్రవరిలో ప్రభుత్వం దాన్ని జాతీయం చేసింది. వాటాదారులకు చెల్లించవలసిన పరిహారం సున్నా అని తేలింది. 1997లో వచ్చిన 500 వాటాలను అమ్మకుండా దాచుకున్నవారికి చివరకు కాగితాలే మిగిలాయి.

స్టాక్ మార్కెట్‌కు వెళ్ళిన పాత బిల్డింగ్ సొసైటీలలో ఒక్కటి కూడా ఈనాడు స్వతంత్ర బ్యాంకుగా లేదు. నేషన్‌వైడ్ మాత్రం సభ్యుల సంస్థగానే నిలిచింది. మరో నలభై వరకు చిన్న, మధ్యతరగతి సొసైటీలు కూడా కొనసాగుతున్నాయి.

ఈ ఫలితం చూసి తొందరపడి ముగింపుకు రాకూడదు. మారిన సంస్థలన్నీ మారినందువల్లనే పడిపోయాయని చెప్పలేం. వాటిలో కొన్నిటిని మంచి స్థితిలో ఉండగానే ఇతర బ్యాంకులు కొన్నాయి. మారనివన్నీ క్షేమంగా ఉన్నాయనడం కూడా సరికాదు. స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ సొసైటీ 2009లో దెబ్బతిని నేషన్‌వైడ్‌లో కలిసింది. సభ్యుల సంస్థ అయినంత మాత్రాన తెలివితక్కువ అప్పుల నుండి రక్షణ దొరకదు. మనం చెప్పగలిగింది ఇంతే: పాత చట్టం పెట్టిన కట్టడి, పేరుకున్న నిధి కలిసి సొసైటీలకు ఒక రక్షణ ఇచ్చాయి. మార్పుతో ఆ కట్టడి పోయింది.

ఇరుపక్షాల మాట

న్యాయంగా చూడాలంటే మార్పును కోరినవారి వాదన కూడా వినాలి. సొసైటీ సభ్యులదే అని పేరు, కానీ ఏడాదికి ఒకసారి వచ్చే ఓటు పత్రం తప్ప వారికి ఏ అధికారం ఉంది? డైరెక్టర్లే డైరెక్టర్లను ఎంపిక చేసుకుంటారు, సభ్యులు తల ఊపుతారు. నిధి సభ్యులదైతే దాన్ని తీసుకునే హక్కు కూడా సభ్యులదే. చనిపోయినవారు తిరిగి రారు, పుట్టనివారు ఓటేయలేరు. మరి ఇప్పుడున్నవారు కాక ఎవరు నిర్ణయించాలి? కొత్త పెట్టుబడి తెచ్చుకోవడానికి కంపెనీ రూపం అనువైనది కూడా.

ఇవి తేలికగా తోసిపుచ్చే మాటలు కావు. 2024 అక్టోబరులో నేషన్‌వైడ్ వర్జిన్ మనీ బ్యాంకును కొన్నప్పుడు సభ్యుల ఓటు కోరలేదు. యజమానులమైన మమ్మల్ని అడగరా అని కొందరు సభ్యులు అప్పుడు నిలదీశారు.

మారవద్దన్నవారి జవాబు ఇది. ఊరి చెరువు ఆ ఊరివారిదే. కానీ ఈ ఏడాది సాగుచేస్తున్నవారు ఓటేసుకుని గట్టు తెంచి నీళ్ళన్నీ తమ పొలాలకే మళ్ళించుకుంటే అది హక్కు అవుతుందా? చెరువు తవ్వినవారు తమ మనుమల కోసం కూడా తవ్వారు. వాడుకునే హక్కు, తెంచే హక్కు ఒకటి కావు.

చరిత్ర ఇక్కడ ఒక మలుపు తిరిగింది. నార్తర్న్ రాక్‌లో మిగిలిన మంచి భాగాన్ని 2012 జనవరిలో వర్జిన్ మనీ కొన్నది. ఆ వర్జిన్ మనీ 2024లో నేషన్‌వైడ్ చేతికి వచ్చింది. అంటే 1997లో సభ్యుల చేతిలో నుండి వెళ్ళిన వ్యాపారంలో కొంత 27 ఏళ్ళ తర్వాత మరొక సభ్యుల సంస్థలోకి చేరింది. నేషన్‌వైడ్ 2023లో అర్హులైన సభ్యులకు తలా వంద పౌండ్ల చొప్పున తన లాభం నుండి పంచింది. అది నిధిని పగలగొట్టి పంచినది కాదు, ఏడాది ఆదాయంలో నుండి ఇచ్చినది. చెట్టు నిలిచి ఉండగా ఇచ్చిన కాయలు అవి.

మనకేమిటి?

ఈ కథ మనకు మరీ దూరం కాదు. 19వ శతాబ్దంలో మద్రాసు నగరంలో 'పర్మనెంట్ ఫండ్' పేరుతో పరస్పర పొదుపు నిధులు వెలిశాయి. 1872లో ఏర్పడిన మైలాపూర్ హిందూ పర్మనెంట్ ఫండ్ వాటిలో పేరొందినది. ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం చేసి, సభ్యులే తమ సంఘాన్ని నడుపుకునే మార్గం చూపింది. పాల సంఘం, చేనేత సంఘం, పొదుపు సంఘం ఏదైనా కానీ, కొన్నేళ్ళు బాగా నడిస్తే దానిలో ఒక నిధి పేరుకుంటుంది. భూమి, భవనం, మంచిపేరు కూడా నిధే. ఆనాడు ఎవరో ఒకరు లేచి, దీన్ని మనం పంచుకుంటే తప్పేమిటి అని అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చినప్పుడు సభ్యులకు జవాబు తెలిసి ఉండాలి. సభ్యులు మేల్కొని లేకపోతే నిధిని బయటివారే కాదు, లోపలివారు కూడా తినగలరు.

వంద పౌండ్ల ఖాతా తెరిచి ఎదురుచూసినవాణ్ణి దొంగ అనలేం. చట్టం ఇచ్చిన అవకాశాన్ని అతడు వాడుకున్నాడు. కానీ అందరూ పండు కోసమే చెట్టు కింద నిలబడితే నీళ్ళు పోసేవాడు ఉండడు. ఈ రెండు మాటలూ నిజమే. రెంటినీ కలిపి ఆలోచించడం నేర్పడానికే ఈ పాఠం.

ఆలోచించండి

1. ముగిసే సంఘంలో రాని సమస్య స్థిర సంఘంలో ఎందుకు వచ్చింది?

2. నేషన్‌వైడ్ పెట్టిన ధర్మకార్యాల నిబంధన న్యాయమైనదేనా? మీరు సభ్యులై ఉంటే సంతకం చేసేవారా?

3. మీ ఊళ్ళోని ఏదైనా ఒక సహకార సంఘానికి వెళ్ళి, దాని నిబంధనావళిలో సంఘం రద్దయితే మిగులు ఆస్తి ఎవరికి చెందుతుందని రాసి ఉందో తెలుసుకోండి. అలా ఎందుకు రాసుకున్నారో పెద్దలను అడగండి.